ఆవిరి ఎక్కువైన షటిల్

నేను ఒక షటిల్ కాక్‌ను. ఆట తేలకముందే గాలిలో ఈకలు ఊడిపోతాయేమోనన్నదే నా పెద్ద భయం. నేల మీద పడటానికి బెంగ లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరి వైపు పడాల్సిందే కదా.

నాకున్న పదహారు బాతు ఈకలూ ఒకే వైపు రెక్కవి. రెండు వైపులవీ కలిపితే తిన్నగా ఎగరనట. మనుషులు బాతును కూర వండుకుని, ఈకల్ని మాత్రం ఎగరేసుకుంటారు. బెంగాల్లో ఒకావిడ వాటిని బెండులో గుచ్చి, దారం చుట్టి, జిగురు పూసింది. డబ్బాలో కూర్చుని కాకినాడ వచ్చాను.

నన్ను కొన్నది నూకరత్నం. ఏడాది నిండని కొడుకు, రేవు దగ్గర క్వార్టర్లో కాపురం, సాయంత్రం ఒక గంట రేకుల షెడ్డులో ఆట. ఆ గంటంటే అత్తగారికి గిట్టదు.

“పిల్లోణ్ణి నా ఒళ్ళో పడేసి ఎల్లి, రోజూ ఓడిపోయొత్తన్నావు. ఆదివారం పోటీలో కూడా ఓడితే ఆ బ్యాటు అటకెక్కించెయ్.”

“అలాగే అత్తా. మళ్ళీ ముట్టుకోను,” అనేసింది రత్నం.

రోజూ ఆమెను ఓడించేది వనజాక్షి టీచరు. యాభై దాటిన డ్రిల్లు టీచరు. ఎంత గట్టిగా కొట్టినా తీసి వెనక గీత దాకా పంపుతుంది.

పోటీకి షటిళ్ళు తెచ్చే వంతు రత్నానిదే. ఈకలు త్వరగా విరగకుండా ఆటగాళ్ళు చేసే పనే తనూ చేసింది. డబ్బా మూతలు తీసి, ఉడుకుతున్న అన్నం ఆవిరి మీద పట్టుకుంది. ఇంతలో పిల్లవాడికి పొలమారింది. డబ్బాను గిన్నె మీదే నిలబెట్టి పరుగెత్తింది. వాడి వీపు నిమిరి, మాడు తట్టి, మళ్ళీ తట్టి వచ్చేసరికి, అందరికన్నా అడుగున ఉన్న నా ఈకలు గొడుగులా విచ్చుకున్నాయి.

ఆదివారం పోటీలోనూ ఎదురు టీచరే. ఇరవయ్యొక్కటికి గెలుపనగా, మూడో గేములో రత్నం ఇరవై, టీచరు పద్దెనిమిది. అప్పటికి మిగతావన్నీ విరిగి, నేను బయటికొచ్చాను. రత్నం స్మాష్ మీద స్మాష్ కొట్టింది. విచ్చుకున్న ఈకలతో నేను అవతలికి చేరేసరికి ఆ ఊపంతా చల్లారిపోయేది. ఇంత బలం ఎక్కడికి పోతోందా అని నాకే వింత. ఆ పాయింటు పోయింది.

“ఏమ్మా, గోడకి సున్నం కొడతన్నావా? ఇంకో పూతెయ్యి,” అంటూ టీచరు సర్వీసుకు నన్ను ఇమ్మని చెయ్యి చాచింది.

రత్నం నా ఈకల్ని వేలితో తడిమి, ఒక్క క్షణం ఆలోచించి, నన్ను అవతలికి అందించింది. తరువాతి ర్యాలీలో రెండుసార్లు గట్టిగా కొట్టింది. మూడోసారి ఆమె బ్యాటు ఎత్తగానే టీచరు స్మాషే అనుకుని వెనక్కి జరిగి వంగింది. రత్నం నన్ను ఊరికే తాకించి వదిలేసింది. ఈ విచ్చుకున్న ఈకలకు దూరం పోవడం చేతకాదు గానీ, పడటం బాగా వచ్చు. నెట్ దాటి నిలువునా రాలాను. టీచరు పరుగున వచ్చి చాచిన బ్యాటుకు బెత్తెడు దూరంలో పడ్డాను.

ఆ రాత్రి అత్తగారు మొహం చూడకుండానే అడిగింది. “రేపెన్నింటికి ఎల్తావు? పిల్లోడికి ముందే ఉగ్గెట్టేత్తాను.”

నాలుగు రోజులుగా రత్నం షెడ్డుకు వెళ్తోంది. నేను ఆమె సంచిలోనే ఉన్నాను. టీచరు రావడం లేదు. కోపమొచ్చిందేమోనని రత్నం అనుమానం. టీచరింటికెళ్తే వెక్కిరించడానికి వచ్చిందనుకుంటుందేమోనని మొహమాటం. మనుషులు ఎంత దూరమైనా కొట్టగలరు గానీ, నాలుగు గుమ్మాలు దాటడానికి మాత్రం ఇంత ఆలోచిస్తారు.

ఆరోజు టీచరు పాదం పక్కనే పడ్డాను కాబట్టి నేను చూశాను. ఆమె కుడి మోకాలు పక్కకు తిరిగింది. బూటు లేసు కట్టుకుంటున్నట్టు చాలాసేపు అలాగే కూర్చుని, నవ్వుతూ లేచి వెళ్ళింది. ఒంటరి మనిషి. మీరు రేవు వైపు వెళ్తే, క్వార్టర్ల చివర పసుపు గేటు ఇల్లు. ఒకసారి తలుపు తట్టి, లేచి తిరుగుతోందో లేదో చూడండి.