పుదీనా సెంటు

వేంపల్లె దగ్గరి ఆ పల్లెలో ప్రతి క్రైస్తవ సంఘపెద్ద పెరట్లోనూ జలదారి పక్కన పుదీనా పచ్చగా ఉండేది. ఏ ఇంట్లోనూ పుదీనా పచ్చడి నూరిన జాడ మాత్రం లేదు. కల్లు వాసన తగిలినవాణ్ణి గుడిలో రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభువు బల్లకు రానివ్వకూడదని మిషను దొర నియమం. అందుకని శనివారం ఈతవనంలో కల్లు తాగొచ్చిన పెద్దలు ఆదివారం పొద్దున గుప్పెడు ఆకు నమిలి, కళ్లు సగం మూసుకుని గుడిలో కూర్చునేవారు. వాళ్ల భక్తికి దొర ముచ్చటపడేవాడు.

గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి దావీదురాజుకు ఈ సంగతి తెలియదు. పొరుగు తాలూకా నుంచి వచ్చి ఏడాదే అయింది. ఆయన కల్లు ముట్టడు. ముట్టినవాళ్లను ప్రతి ఆదివారం పేరు చెప్పకుండా నరకానికి పంపేవాడు. ఇప్పుడు ఉపదేశికి పైనుండే గుడి పాస్టరు, అంటే అయ్యగారి పదవి ఖాళీ అయింది. ఇన్నేళ్లుగా ఊరూరా పాఠాలు చెబుతూ, పెళ్లిళ్లలో అయ్యగార్ల వెనక నిలబడుతూ వచ్చినవాడికి ఆ తెల్లంగీ మీదే ప్రాణం. కాని పెద్దలు ఒప్పుకుంటేనే దొర నియమిస్తాడు.

దొర దగ్గర దొరలా ఉండాలని ఆయన కడపకు పోయి సెంటు బుడ్డి కొన్నాడు.

"ఆడోళ్ల అత్తర్ కాదు సామీ, మగోళ్లది. మల్లె లేదు, గులాబీ లేదు. అసలు పుదీనా, పైన శీమ పువ్వు, లావెండరు. దొరలు గడ్డం గీసుకోని ఇదే పూసుకుంటారు" అన్నాడు అంగడి సాయిబు.

దొర పెద్దల మాట అడిగే సభ రోజు పొద్దున దావీదురాజు చెంపలకూ మెడకూ పూసుకున్నది చాలక అంగీకి కూడా పూసుకున్నాడు. భార్య సంతోషమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏందయ్యా, రోట్లో పచ్చడి నూరినట్టుండాది!"

"నీకేం తెలుసు, ఇది శీమ వాసన."

"శీమలో గూడా పచ్చడే తింటారేమోలే, పో."

గుడి గదిలో ఎండకు వాసన ఇంకా పెరిగింది. దొర లావెండరు పూసిన తన రుమాలే గుబాళిస్తోందనుకుని దాన్ని జేబులో కుక్కుకున్నాడు. పెద్దలందరి తరఫున వచ్చిన జ్ఞానరాజూ దాసన్నా ముఖాలు చూసుకున్నారు. ఈ ఉపదేశి మాకొద్దని చెప్పడానికే వాళ్లు వచ్చారు.

"తగిలిందా దాసన్నా?" అని జ్ఞానరాజు గుసగుసలాడాడు.

"తగలకేమప్పా! పుదీనా. అదీ పట్టపగలు."

"ఆ వాసన కింద ఇంకేందో ఘాటుండాది. మన ఈతకల్లు గాదు."

"శీమ సరుకు తాగుతాండాడు. మనకు నరకమని చెప్పి, తాను ఒంటరిగా!"

దాసన్న గొంతులో కోపం కన్నా మెప్పు ఎక్కువగా ఉంది. దొర అభిప్రాయం అడిగాడు. ఇంత మంచి కాపరి మాకు దొరకడని ఇద్దరూ ఒకేసారి లేచి చెప్పారు. దొర కలం కోసం సంచి వెతకసాగాడు.

జ్ఞానరాజు దావీదురాజును వరండాలోకి లాక్కుపోయాడు.

"పాపం, శానా కష్టపడి దాచుకుంటాండావప్పా. మేం ఆకు నములుతాం, అంతే. నువ్వు ఒళ్లంతా పూసుకుంటివి. మావాడివే అని ముందే చెప్తే ఇన్నాళ్లూ ఈ పగెందుకు?"

దావీదురాజు నోరు తెరిచాడు. ఒక్కో ఆదివారం, ఒక్కో సగం మూసిన కన్నూ ఇప్పుడు అర్థమైంది. తాను తాగనని చెప్పాలి. చెబితే లోపల సంచి వెతుకుతున్న దొర చెయ్యి అక్కడే ఆగిపోతుంది.

"సంతకం పెడుతున్నాను, రండి" అని దొర పిలిచాడు.

దావీదురాజు మెల్లగా జ్ఞానరాజు చెవి దగ్గరకు వంగాడు.

"అన్నా, మా ఇంట్లో మాత్రం తెలీనీయొద్దు."

"ఎందుకు తెలీనిస్తాం, అయ్యగారూ!" అన్నాడు జ్ఞానరాజు, మొదటిసారి చేతులు జోడించి.