ఏడో గట్టు

అనంతపద్మనాభం మాస్టారు మా గుమ్మం ఎక్కింది చిరిగిన తివాచీ బాగు చేయించుకోవడానికి. 2006 మార్చి నెల. తాడేపల్లిగూడెంలో బోటనీ చెప్పి రిటైరైన మనిషి. ఏలూరు దాకా బస్సులో ఆ తివాచీని ఒళ్ళో పెట్టుకుని వచ్చారట. విప్పి చూస్తే అది మా నాన్న చేతి పని. ఒక మూల ఎలుకలు కొట్టేశాయి. ఎలుకల మీద నాకు కోపం లేదు, వాటి బుద్ధి అది. పదేళ్ళు దాన్ని మంచం కింద తోసేసిన మనిషి మీద వచ్చింది. నాలుగు మాటలు అనబోయి, దాన్ని చుట్టి తెచ్చిన కాగితాల మీద చూపు పడి ఆగిపోయాను.

చిన్న గళ్ళ కాగితాలు. కొన్ని గళ్ళు పెన్సిల్‌తో నల్లగా నింపారు, కొన్ని ఖాళీగా వదిలేశారు.

"ఈ నక్షా ఎవరు గీశారండీ?" అన్నాను.

తివాచీ బొమ్మను గళ్ళ కాగితం మీద గీస్తే దాన్ని మేము నక్షా అంటాం. ఒక గడికి ఒక ముడి. బొమ్మంతా ఎవడూ గీయడు. సగం గీసి ఇస్తారు. నేసేవాడు నడిమి వరస దాకా వచ్చి, అక్కణ్ణించి అవే వరసలను వెనక్కి నేసుకుంటూ పోవాలి. తంగెళ్ళమూడిలో మగ్గం ముందు నలభై ఏళ్ళు కూర్చున్నవాణ్ణి. నడుమ ఎక్కడుందో నాకు ఎవరూ చూపించనక్కర్లేదు.

"నక్షా కాదండీ, నా రీడింగులు," అన్నారు మాస్టారు నవ్వుతూ. "ఒక్కో నిలువు వరస కొల్లేట్లో ఒక్కో చెరువు గట్టు. ఒక్కో అడ్డ వరస ఒక్కో రోజు. పన్నెండు గట్ల మీద రాగి మేకులు పాతానండి. రోజూ పొద్దున్నే మీటరు పెడతాను. ముల్లు కదిలితే గడి నింపుతాను, లేకపోతే వదిలేస్తాను."

"మట్టికి మీటరెందుకండీ?"

"మట్టికి కాదండీ. అందులో ఉన్న బూజుకి."

కందకు లేని దురద కత్తిపీటకెందుకో అనుకున్నాను గానీ పైకి అనలేదు. ఆయన మాత్రం క్లాసు మొదలుపెట్టేశారు. ఇరవై ఏళ్ళుగా ఆ గట్లలో గడ్డీ, తవుడూ, చచ్చిన చేపలూ కలిసిపోయాయట. వాటిని తింటూ మట్టి లోపల తెల్లటి పోగులు మైళ్ళకొద్దీ అల్లుకున్నాయట. మనకు కనిపించే పుట్టగొడుగు ఆ అల్లికకు కాసిన కాయ మాత్రమేనట. గట్టు నిలబడేది కూడా మట్టి బలం వల్ల కాదు, ఆ పోగులు పట్టుకోవడం వల్ల. ఎక్కడ గడ్డపార పడినా దానికి తెలుస్తుంది, ముల్లు కదులుతుంది.

"అంతా బాగుంది గానీ మాస్టారూ, మీ బూజు నడుమ దాటేసింది," అన్నాను. "ఇదిగో, ఈ వరస నడుమ. దీని కింద ఐదు వరసలు చూడండి, పై ఐదింటికీ తిరగేత." చేతి అలవాటు కొద్దీ పెన్సిల్ తీసుకుని తర్వాతి ఏడు వరసలు నేనే నింపేశాను. "ఇక ఇలా వస్తుంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. నేను చూపిన నడిమి వరస, కొల్లేట్లో మొదటి గట్టును మందు పెట్టి పేల్చిన రోజుదట.

సరస్సులోని చేపల చెరువులన్నీ తీసేయాలని ప్రభుత్వం గట్లు కొట్టిస్తున్న రోజులవి. ఆ పనికి వెళ్ళిన, మట్టి తవ్వే ప్రొక్లెయిన్లలో ఒకదాన్ని నడిపేది మా వసీమ్. ఒక్కడే కొడుకు, ఇరవై మూడేళ్ళు. మగ్గం వాడికి అంటలేదు, నేను బలవంతపెట్టలేదు. ఆ ఇనుప చెయ్యితో మట్టిని ఎంత నాజూగ్గా తీసేవాడో ఒకసారి వెళ్ళి చూసి, నా వేళ్ళే వాడికొచ్చాయని మురిసిపోయాను.

ఎనిమిదో రోజున మాస్టారు మళ్ళీ వచ్చారు. తివాచీ ఊసెత్తలేదు. కొత్త కాగితం నా ముందు పరిచారు. ఏడు వరసలూ, గడికి గడి, నేను నింపినట్టే వచ్చాయి.

"ఇంకో సంగతి ఉందండీ. పొద్దున్న ఏ గట్టు గడి నిండితే, ఆ గట్టు సాయంత్రంలోగా ఒకచోట జారిపోతోంది. ఎవరూ ముట్టుకోకుండానే. పేలుడుకి ముందు చెరువుల వాళ్ళు ఎక్కడెక్కడ గడ్డపార వేశారో, ఆ చోట్లకే వెనక్కి వెళ్తోంది. వెళ్ళి, పట్టు వదిలేస్తోంది."

"బూజుకి జ్ఞాపకముంటుందంటారా?"

"మన తలలో ఒక్క నరం ఏమీ ఆలోచించదు, సలాం గారూ. కోట్ల నరాలు కలిస్తే ఆలోచన పుడుతుంది. కింద ఉన్నవి మన నరాలకంటే ఎక్కువ."

"ఒక్క ముడి పువ్వు కాదు, లక్ష ముడులు పువ్వు. ఒప్పుకుంటాను," అన్నాను. "కాని తన మీద పువ్వుందని తివాచీకి తెలియదండీ. చూడ్డానికి బయట ఒక మనిషుండాలి."

ఆయన కాస్త దగ్గరికి జరిగారు. తర్వాత గొంతు తగ్గించి చెప్పారు. గూడెంలో తమ పెరట్లో కూడా ఒక మేకు పాతారట. అరకులో ఉన్న శిష్యుడొకడి చేత అక్కడొకటి పాతించారట. కొల్లేట్లో గట్టు పేలిన నిమిషంలోనే ఆ రెండు చోట్లా ముల్లు కదిలింది.

"గట్టు నుంచి చేలోకి, చేను నుంచి తోటలోకి, తోట నుంచి కొండలోకి. ఎక్కడా తెగలేదండీ. భూమి అంతటా ఒకటే అల్లిక. మనం కొల్లేట్లో గట్లు కొడుతున్నామనుకుంటున్నాం. ఏ ఒంటి మీద కొడుతున్నామో మనకు తెలియదు."

పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమనడమే తరువాయి అనుకున్నాను. కాని ఆయన వెళ్ళాక ఆ కాగితంలో తర్వాతి వరస కూడా నింపి చూశాను. ఆ కాగితం ప్రకారం మర్నాడు నిండాల్సింది పదో గట్టు. వసీమ్ పని చేస్తున్నది పదో గట్టు మీద.

పొద్దున్నే వాడికి చెప్పాను. నవ్వాడు. "బూజు భయానికి పని మానేశానంటే నలుగురూ ఏమంటారు నాన్నా?" అన్నాడు. నా మొహం చూసి జాలిపడ్డాడో ఏమో, బండిని నాలుగో గట్టు మీదికి మార్చుకున్నాడు. మధ్యాహ్నం మట్టి ఎత్తడానికి పదో గట్టు మీదికి వెళ్ళిన టిప్పరు చక్రాలు మునిగేదాకా దిగిపోయింది. డ్రైవరు దూకి బతికాడు. ఆ సాయంత్రం వసీమ్ నవ్వలేదు. నా పక్కన కూర్చుని, "రేపెక్కడ నాన్నా?" అని అడిగాడు.

అప్పటి నుంచి అదే పని. మాస్టారు కొల్లేటి గట్టు మీద నుంచి రోజూ ఏడింటికి ఫోన్ చేసేవారు. ఒకటో గట్టు నుంచి పన్నెండో గట్టు దాకా వరసగా చెప్పేవారు, ఖాళీ, ఖాళీ, నిండు, ఖాళీ. మా మగ్గాల దగ్గరా అంతే. ఒకరు నక్షా చూసి పాడతారు, నలుగురు ముడులు వేస్తారు. నేను గడులు నింపి, వసీమ్‌కి చెప్పేవాణ్ణి. వాడు కాంట్రాక్టరుకి కూడా చెప్పి చూశాడు. మీ నాన్నని జాతకాలు చెప్పుకోమనరా అన్నాడట ఆయన.

నా భార్య సుల్తానా మాత్రం మొదటి నుంచీ ఒకటే మాట. "ఏవండీ, వాణ్ణి ఆ పని మానిపించండి. బూజు చెప్పిన మాట మీద బిడ్డని పంపుతారా?"

"బూజు కాదు, నేను చెబుతున్నాను," అన్నాను.

నిజం ఒప్పుకోవాలి. నాకు గర్వం పట్టింది. చదువుకున్న మాస్టారికి అంతుపట్టనిది నాకు పట్టింది. నా కొడుకు జీవితంలో మొదటిసారి నా విద్యను నమ్ముకుని పనిలోకి వెళ్తున్నాడు. మానెయ్యరా అని గట్టిగా ఒక్క మాట అంటే మానేసేవాడు. అనలేదు.

ఏప్రిల్ మొదటి వారానికి మిగిలిన గట్లలో ఏడోదే భద్రం అని తేల్చాను. పేలుడుకి ముందు దాని మీద ఒక్క దెబ్బ పడలేదు. నక్షాలో ఆ నిలువు వరస పై నుంచి కింది దాకా ఖాళీ. వసీమ్ బండిని అక్కడికి తోలాడు. నాలుగు రోజులు హాయిగా పని చేశాడు. ఇంటికొచ్చి కడుపు నిండా తిని, రేడియో పెట్టుకుని పడుకునేవాడు.

ఐదో రోజు గురువారం. ఏడింటికి మాస్టారు ఫోన్. "ఒకటి ఖాళీ, రెండు ఖాళీ, మూడు నిండు, నాలుగు ఖాళీ, ఐదు ఖాళీ, ఆరు ఖాళీ, ఏడు నిండు..."

స్పష్టంగా విన్నాను. నా చెవిలో లోపం లేదు, ఫోన్లో లోపం లేదు. కాని పాడేవాడు తప్పు పాడినా నీ చెయ్యి తప్పు వెయ్యకూడదని మా ఉస్తాద్ నాకు చిన్నప్పుడే నేర్పాడు. పాడేవాడి కన్ను ఒక గడి పక్కకు జారుతుంది, మామూలే. మంచి నేతగాడు మగ్గం ఆపి అడగడు. పువ్వుకి ఏ ముడి కావాలో తెలిసినవాడు గనక అదే వేసుకుని ముందుకు పోతాడు. నలభై ఏళ్ళలో నేను అలా దిద్దిన తప్పులు వేలు. నక్షా ప్రకారం ఆ రోజు ఏడు ఖాళీ. పెద్దాయన ఎండలో నిలబడి వరస తప్పారనుకున్నాను. గడి ఖాళీగా వదిలేశాను.

వసీమ్ చెప్పులు వేసుకుంటూ, "ఏడో గట్టేగా నాన్నా?" అన్నాడు.

"ఏడో గట్టే," అన్నాను.

పదకొండు గంటలకు కబురొచ్చింది. గట్టు ఒక పక్కకు జారలేదట. బండి కింద ఉన్న మట్టి మొత్తం ఒక్కసారిగా నీళ్ళలా అయిపోయిందట. ఇటూ అటూ పది గజాల అవతల గట్టు చెక్కుచెదరలేదు. వాడు ఇంజను ఆపడానికి చెయ్యి చాపడం పక్క బండి వాడు చూశాడు. తర్వాత అక్కడ బురద తప్ప ఏమీ లేదు. వాణ్ణి బయటికి తియ్యడానికి రెండు రోజులు పట్టింది.

మాస్టారు ఆ రెండు రోజులూ నాతో గట్టు మీదే కూర్చున్నారు. రెండో రోజు మధ్యాహ్నం మెల్లిగా అడిగారు. "ఏడు నిండు అని చెప్పానుగా, సలాం గారూ?"

"చెప్పారండీ."

ఆయన తల ఊపారు. తిట్టి ఉంటే బాగుండేది. కాసేపటికి తనలో తాను అనుకుంటున్నట్టు అన్నారు. "ఏడో గట్టు దాని జ్ఞాపకంలో లేదు. పేలుడుకి ముందు అక్కడ ఏమీ జరగలేదు. ఇన్నాళ్ళూ అది గుర్తు చేసుకుంటోందనుకున్నాం. ఈ తండ్రి ఎక్కడ గడి నిండితే అక్కణ్ణించి కొడుకుని తప్పిస్తున్నాడు, ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పంపుతున్నాడు అని అది గమనించిందండీ. గురువారం అది మొదటిసారి ఆలోచించింది."

"అయితే నక్షా ఇక పనికిరాదా?" అన్నాను. ఎందుకడిగానో నాకే తెలియదు.

"ఇక నక్షా గీసేది అదేనండీ. మనం ముడులం."

నాకు ఆయన మీద చెప్పలేనంత కోపం వచ్చింది. లేచి ఆ రాగి మేకు పెరికి నీళ్ళలోకి విసిరేశాను. ఆయన వద్దనలేదు. దాని చూపు మన మీద పడడానికి మేకు అక్కర్లేదని ఆయనకు తెలుసు.

శనివారం సాయంత్రం ఏలూరులో మట్టి చేశాం. వాణ్ణి తీసుకుని గుమ్మం దాటే ముందు సుల్తానాకి నేనే చెప్పాను. గడి నిండిందని విన్నాననీ, ఖాళీగా వదిలేశాననీ. ఆమె నా వైపు చూసి, "వాడికి తెలుసా?" అంది. తెలియదన్నాను. "మీ మాట నమ్మే వెళ్ళాడన్నమాట," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నాతో అవసరానికి తప్ప మాట్లాడలేదు. తప్పు ఆమెది కాదు.

మాలో, మనిషిని దించాక వచ్చినవాళ్ళంతా తలా మూడు పిడికిళ్ళ మట్టి వెయ్యాలి. నన్ను ముందుకు తోశారు. వంగి మట్టి తీశాను. ఎండాకాలం, నెల రోజులుగా చినుకు లేదు. పైనంతా పొడి దుమ్ము. నా పిడికిట్లో మట్టి మాత్రం చల్లగా, తడిగా, ముద్దగా ఉంది. వేళ్ళ మధ్య దూది పోగులంత సన్నగా తెల్లటివి కదిలినట్టనిపించింది. నిజంగా కదిలాయో లేదో చెప్పలేను. పిడికిలి విప్పలేకపోయాను. వెనక జనం ఏడుస్తున్నానని అనుకున్నారు. నాకు ఏడుపు రాలేదు, భయం వేసింది.

"వెయ్యండి బావా," అన్నాడు నా బావమరిది హఫీజ్ మెత్తగా, భుజం మీద చెయ్యి వేసి. "అందరూ ఎదురు చూస్తున్నారు."

వేశాను. మూడుసార్లూ వేశాను. నా కొడుకుని దానికి రెండోసారి అప్పగించింది కూడా నేనే.