మిషన్ మేమే తెచ్చినం

మంగళవారం పొద్దున పదిన్నరకు దుర్గమ్మ సూర్యాపేటలోని ఒక సర్కారు కార్యాలయానికి వెళ్లి, సీనియర్ అసిస్టెంట్ నాగేందర్ టేబుల్ మీద డీవీడీ రైటర్ పెట్టింది. దాని పక్కన ఖాళీ డిస్కుల డబ్బా, ఆ కార్యాలయమే తనకు పంపిన జవాబు పెట్టింది. కోడలు జ్యోత్స్న వెనకాల నిలబడింది.

"ఏందమ్మా ఇది?" అన్నాడు నాగేందర్.

"మిషన్ సారు. మీ దగ్గర లేదని రాసిండ్రు గదా. మేమే తెచ్చినం."

జవాబులో ఉన్నది మూడే వాక్యాలు. అడిగిన వీడియో కార్యాలయంలో ఉంది. నిబంధనల ప్రకారం దాన్ని డిస్కులో మాత్రమే ఇవ్వాలి. ఇక్కడి ల్యాప్‌టాప్‌కు డిస్కు రాసే సౌకర్యం లేదు కాబట్టి ఇవ్వలేకపోతున్నాం.

ఆ వీడియో ప్రజాభిప్రాయ సేకరణ సభది. మఠంపల్లి అవతల దుర్గమ్మ ఊరి పక్కన ఉన్న సున్నపురాయి గనిని పెంచుతామని ఒక కంపెనీ అడిగింది. ఎండాకాలంలో అధికారులు షామియానా వేసి సభ పెట్టారు. కంపెనీ బస్సుల్లో వచ్చినవాళ్లు పొద్దున్నే కుర్చీలు నింపేశారు. ఊరివాళ్లను తాడు కట్టి బయటే ఆపారు. బయటి మైకు పనిచేయలేదు. ముందురోజే పేరు రాయించుకున్నందుకు దుర్గమ్మను లోపలికి వదిలారు. ఆమె మాట్లాడింది. ఏం మాట్లాడిందో తాడు అవతలివాళ్లకు వినపడలేదు.

వానాకాలం మొదట్లో, ఆ సభలో ఎవరేమన్నారో రాసిన మినిట్స్ బయటికి వచ్చాయి. అందులో ఆమె గురించి ఇలా ఉంది: ‘శ్రీమతి దుర్గమ్మ, రైతు. సంతోషం వ్యక్తం చేశారు. గని విస్తరణను స్వాగతించారు.’

ఆ పేజీ ఊళ్లో అందరి ఫోన్లలోకి వచ్చింది. పాలకేంద్రం దగ్గర మల్సూర్ దాన్ని అందరికీ వినపడేలా చదివాడు. మల్సూర్ పొలం, దుర్గమ్మ పొలం ఒకే గెట్టుకు అటూ ఇటూ ఉంటాయి. గని పెరిగితే రెండూ పోతాయి.

"వదినె, శాలువ గిట్ల కప్పిండ్రా, ఉత్తగనే స్వాగతం పలికినవా?" అన్నాడు మల్సూర్.

"నేను భూమి ఇయ్యనన్న."

"మరి సర్కారోళ్లు అబద్ధం రాస్తరా?"

"రాసిండ్రు గదా."

"గట్లయితే సూపియ్యి."

పాలు పోయడానికి వచ్చినవాళ్లు నవ్వారు. ఆ వారం నాట్లకు కూలీలు గుంపు కట్టినప్పుడు దుర్గమ్మను ఎవరూ పిలవలేదు. ఆమె వెళ్లి నిలబడితే మాటలు ఆగిపోయాయి. భర్త మత్తయ్య, "పోనియ్యే, నాలుగు దినాలైతే మరిచిపోతరు" అన్నాడు.

"మనుషులు మరుస్తరు. కాగితం మరుస్తదా?" అంది దుర్గమ్మ.

జ్యోత్స్న కోదాడలో ఒక ప్రైవేటు బడిలో టీచర్. సమాచార హక్కు కింద దరఖాస్తు ఆమే పెట్టింది. జవాబు వచ్చాక అత్తకు చదివి వినిపించింది.

"అంటే వీడియో ఉన్నది. ఇచ్చేతందుకు మిషన్ లేదు. గంతేనా?"

"గంతే అత్తమ్మా."

"మిషన్ యాడ దొరుకుతది?"

కోదాడలో దొరకలేదు. మొదటి దుకాణంలో కుర్రవాళ్లకు అదేమిటో చెప్పాల్సి వచ్చింది. రెండో దుకాణం యజమాని, "ల్యాప్‌టాపుల్లోనే డిస్కు అర పెట్టడం మానేశారమ్మా. విడిగా ఇప్పుడెవరు కొంటున్నారు? పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి" అన్నాడు.

"పెన్‌డ్రైవ్ పెట్టనియ్యరంట అన్నా. డిస్కే కావాలంట," అంది జ్యోత్స్న.

"ఇంకా డిస్కులు అడిగేవాళ్లు ఉన్నారా?"

"అడిగింది మేము కాదు. ఇచ్చేటోళ్లు."

అతను నవ్వి, మిర్యాలగూడలో పెళ్లి వీడియోలు తీసే సాంసన్ నంబరు ఇచ్చాడు. శనివారం బడి విడిచాక ఇద్దరూ మిర్యాలగూడ బస్సెక్కారు.

"వందనాలమ్మా," అని సాంసన్ కుర్చీ జరిపాడు. విషయం విని బీరువా మీది నుంచి డీవీడీ రైటర్ దించి చొక్కా అంచుతో తుడిచాడు. "మొదలు క్యాసెట్ అన్నరు. తర్వాత డిస్కు అన్నరు. ఇప్పుడు పెండ్లి ఫోన్‌ల పంపమంటున్నరు. దీన్ని ముట్టక రెండేండ్లయితుంది. నడుస్తదో లేదో సూద్దాం."

తన ల్యాప్‌టాప్‌కు తగిలించి చూపించాడు. "గీడ సూడండి. తీగకు ఈ కొసకు రెండు పిన్నులున్నయ్. ఒక్కటే పెడితే లైటు వెలుగుతది కని డిస్కు తిరగది. కరెంటు సాలది. రెండూ పెట్టాలె. సాఫ్ట్‌వేర్ ఏదీ ఎక్కించే పనిలేదు, ల్యాప్‌టాపే గుర్తుపడతది."

అది నడిచింది. సాంసన్ రెండు రకాల డిస్కులు ముందు పెట్టాడు. ఒకటి చెరిపి మళ్లీ రాసుకునేది. ఇంకొకటి ఒక్కసారే రాసేది.

"ఏది కావాలమ్మా?"

"చెరపరానిది," అంది దుర్గమ్మ.

మంగళవారం నాగేందర్ ఆ మిషన్‌ను ముట్టుకోలేదు. "బయటి సామాను సర్కారు ల్యాప్‌టాప్‌కు పెట్టరాదమ్మా. వైరస్ వస్తది."

"డిస్కులు కొత్తవి సార్. డబ్బా మీద కవరు కూడా తీయలే," అంది జ్యోత్స్న.

"రూల్ ఒప్పుకోదు."

"గదే రాసియ్యండ్రి సారు," అంది దుర్గమ్మ. "దుర్గమ్మ మిషన్ తెచ్చింది, మేము పెట్టనియ్యలే అని రాసి సంతకం వెట్టుండ్రి. పోత."

నాగేందర్ రాయలేదు. వేరే ఫైలు తెరిచాడు. దుర్గమ్మ టేబుల్ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈడ కూసోరాదమ్మా."

"మరి యాడ కూసోవాలె? తాడు అవతల్నా?"

నాగేందర్ లేచి లోపలి గదిలోని అధికారి దగ్గరికి వెళ్లాడు. అధికారి ఏమన్నాడో వచ్చాక చెప్పలేదు. కుర్చీలో కూర్చుని, జవాబు కాగితం మరోసారి చదివి, తీగ అందుకుని ఒక పిన్ను ల్యాప్‌టాప్‌కు పెట్టాడు. లైటు వెలిగి ఆరిపోయింది.

"పనిజేస్తలేదు. పాతది పట్టుకొచ్చిండ్రు. తీస్కపోండ్రి."

"రెండో పిన్ను పెట్టలే సారు."

"జాగ లేదు."

ఆ ల్యాప్‌టాప్‌కు రెండే చోట్లున్నాయి. రెండోదానికి మౌస్ ఉంది.

"మౌస్ తీయండ్రి," అంది దుర్గమ్మ.

"మౌస్ తీస్తే నేను పని ఎట్ల జేయాలె?"

"వేలుతోని జేయండ్రి. మా కోడలు గట్లనే జేస్తది."

పక్క టేబుల్ దగ్గరి టైపిస్టు దగ్గు వచ్చినట్టు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాగేందర్ మౌస్ తీశాడు. రెండో పిన్ను పెట్టాడు. డిస్కు తిరిగిన చప్పుడు టైపిస్టు దాకా వినిపించింది.

సభను కెమెరా నాలుగు ముక్కలుగా దాచింది. ఒక్కో డిస్కులో ఒక్కో ముక్కే పడుతుంది.

"నువ్వు ఏ ముక్కల ఉన్నవో అదొక్కటే ఇస్త, తీస్కపో," అన్నాడు నాగేందర్.

"నాలుగూ ఇయ్యండ్రి. ఒకటే తీస్కపోతే నడుమ కోసి తెచ్చిందంటరు."

భోజనాల వేళకు నాలుగూ అయ్యాయి. నాగేందర్ ఒక్కో దాని మీద నంబరు వేసి సంతకం పెట్టాడు.

సాయంత్రం దుర్గమ్మ మల్సూర్‌ను ఇంటికి పిలిచింది. జ్యోత్స్న తన ల్యాప్‌టాప్‌కు మిషన్ తగిలించి రెండో డిస్కు పెట్టింది. కొంచెం ముందుకు జరిపితే దుర్గమ్మ మైకు పట్టుకుని కనిపించింది. ఆమె పక్కన బల్ల దగ్గర ఒకాయన రాసుకుంటున్నాడు.

"పెద్దలకు, అధికార్లకు నమస్కారం," అంది తెర మీది దుర్గమ్మ. "మా ఊరికొచ్చి మమ్ములను అడిగినందుకు సంతోషం."

మల్సూర్ తొడ చరిచాడు. "అన్నవు! సంతోషమన్నవు!"

"నీ ఇంటికి మనిషొస్తే ఏమంటవు? ఎందుకొచ్చినవంటవా? నోరు మూసుకొని విను."

తెర మీద, బల్ల దగ్గరి మనిషి కలానికి మూత పెట్టి పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. దుర్గమ్మ మాత్రం ఆపలేదు. "కని భూమి ఇయ్య. ఉన్న గని పేల్చుతుంటెనే మా బోరు పూడింది. గోడలు పలిగినయ్. ఇంకింత పెంచుతమంటే ఒప్పుకోం. ఓ సారూ, నీకే జెప్తున్న. రాసుకో. వద్దన్నదని రాసుకో." ఒక చెయ్యి వచ్చి మైకు లాక్కుంది. మైకు లేకుండానే ఆమె, "ఇయ్య" అంది. పక్కకు నెడుతుంటే మళ్లీ అంది.

మల్సూర్ తెర దగ్గరికి జరిగాడు. "ఇంకోపారి పెట్టు వదినె."

"పెట్ట. పాలకేంద్రం కాడ అన్నవు. పాలకేంద్రం కాడ సూడు."

బుధవారం పొద్దున మల్సూర్ తన ఇంటి టీవీని మోసుకొచ్చి పాలకేంద్రం వరండాలో పెట్టాడు. జ్యోత్స్న ల్యాప్‌టాప్‌ను దానికి కలిపింది. పాలు పోసినవాళ్లు క్యాన్లు పక్కన పెట్టుకుని నిలబడి చూశారు. కలానికి మూత పెట్టిన చోట ఎవరో ఆపమన్నారు. జ్యోత్స్న ఆపింది. వెనక్కి పెట్టి మళ్లీ చూపించింది.

"సర్కారోళ్లు అబద్ధం రాస్తరు వదినె," అన్నాడు మల్సూర్, అందరూ వినేటట్టు.

"గా మాట నాకెందుకు జెప్తున్నవ్? వాళ్లకు జెప్పు."

శుక్రవారం ఊరివాళ్లు ఆటోల్లో కోదాడకు, అక్కడి నుంచి బస్సులో సూర్యాపేటకు వెళ్లారు. మినిట్స్‌లో సంతోషం, స్వాగతం అన్న మాటలు కొట్టేసి, దుర్గమ్మ గనిని వ్యతిరేకించినట్టు రాయాలని అర్జీ ఇచ్చారు. రెండో డిస్కుకు తీసిన నకలు జత చేశారు. మొదటి సంతకం మల్సూర్‌ది. నాగేందర్ అర్జీ తీసుకుని, అందినట్టు ముద్ర వేసి ఇచ్చాడు. సవరించిన మినిట్స్ ఇంకా వెలువడలేదు.