దుప్పటి కింద చీటీ

మా ఆయన తలలోంచి నిమ్మకాయంత గడ్డ తీశారు. క్యాన్సర్ కాదు, మంచి గడ్డేనని డాక్టరు చెప్పాడు. అంత మంచిదైతే తలలో తిష్ట వేయడమెందుకో నేను అడగలేదు. బంధువులు మాత్రం ఏదో బహుమతి వచ్చినట్టు అభినందించి వెళ్లారు.

ఆపరేషన్ గాయం మానాక పునరావాస వార్డుకు మార్చారు. పొద్దున నడక, పదకొండింటికి గుండీలు పెట్టుకోవడం, మధ్యాహ్నం జ్ఞాపకశక్తి. యాభై ఎనిమిదేళ్ల మనిషి ఒక్క గుండీ పెట్టుకుంటే ముగ్గురు చప్పట్లు కొడతారు. ఇన్నేళ్ల సంసారంలో నాకు ఒక్కరూ కొట్టలేదు.

నా బెంగ వేరే. ఆయన ముప్ఫై ఏళ్లు పరీక్ష హాళ్లలో కాపీలు పట్టిన మాస్టారు. ఇంట్లో నేనేమన్నా ముందు "కాదు" అనేవారు. ఇప్పుడు అన్నిటికీ "సరే" అంటున్నారు. ఉప్పులేని కూరకీ సరే, మా తమ్ముడి సలహాలకీ సరే. గడ్డతోపాటు ఆ మనిషినీ తీసి పారేశారేమోనని నాకు భయం. నర్సు మాత్రం "బాగా సహకరిస్తున్నారు" అని ఫైల్లో రాసుకుంది.

శుక్రవారం పరీక్ష. మంచి మార్కులొస్తే ఇంటికి, లేకపోతే ఇంకో రెండు వారాలు. ఇంటికెళ్లి తన కుర్చీలో కూర్చుంటే మళ్లీ మామూలు మనిషవుతారని నా ఆశ. డాక్టరు ఐదు మాటలు చెప్పి, పది నిమిషాలయ్యాక అడుగుతాడు. ప్రతివారం అవే ఐదు మాటలు. ఫారం మార్చే తీరిక ఎవరికీ లేదు. వార్డులో ఆడవాళ్లందరికీ అవి కంఠతా వచ్చు. నేనూ చీటీ మీద రాసి, దుప్పటి సర్దుతున్నట్టు ఆయన చేతిలో పెట్టాను.

పది నిమిషాలయ్యాయి.

"చెప్పండి మాస్టారూ," అన్నాడు డాక్టరు.

"గంట, తలుపు..." అని ఆగిపోయారు. దుప్పటి కిందకి చూసుకున్నారు. ఎడమ చేత్తో చీటీ పైకి తీసి డాక్టరు ముందు పెట్టారు.

"ఇది ఈవిడ ఇచ్చింది. రాత కూడా ఈవిడదే."

నాకు తల కొట్టేసినట్టయింది.

"పోనీలెండి, చూసి చదివేయండి," అన్నాడు డాక్టరు. "ఇంకా ఆరుగురున్నారు నాకు."

"కాదు. సున్నా వెయ్యండి."

ఇలాంటిది రాయడానికి ఫారంలో గడి లేదట. డాక్టరు వెతికి వెతికి సున్నా వేసి వెళ్లిపోయాడు.

"నా పరువు తీశారు కదండీ," అన్నాను.

"నిన్ను హాల్లోంచి బయటికి పంపాల్సింది," అన్నారు ఆయన.

వరండాలోకి వచ్చి తమ్ముడికి ఫోన్ చేశాను. సంతోషంతో ఏడుపు ఆగడం లేదు.

"మీ బావ ఫెయిలయ్యారురా," అన్నాను.