వెల్డింగు గీత

లిదియాకు రోబో పోటీ రూల్సు కాగితం కంఠతా వచ్చు. రోబో ఫ్రేము పొడవు రెండడుగులు మించకూడదు. ముందు మెత్తని బంపర్ ఉండాలి, కానీ అది కొలతలోకి రాదు. అందుకే ఫ్రేమును సరిగ్గా రెండడుగులకు కోసి, టైరు ముక్క తొడిగిన ఇనుప పట్టీని బంపరుగా నట్లతో బిగించింది. ఆరు నెలల పని అది.

పోటీ రోజున జడ్జి రోబోను తిరగేసి చూశాడు.

"ఇది వెల్డింగ్ చేసుంది కదమ్మా. విప్పడానికొస్తేనే బంపరు. అతికేశాక అదీ ఫ్రేమే. రెండంగుళాలు ఎక్కువ."

"నేను నట్లే పెట్టిన సార్!" అంటూ వంగి చూసి ఆగిపోయింది. వెల్డింగు గీత ఎక్కడా తెగకుండా నున్నగా ఉంది. అది లారీ బాడీలు కట్టే వాళ్ల బాపు చేతిపని.

వెల్డింగు మాట ఆ కాగితంలో ఎక్కడ ఏడ్చింది? ఇప్పుడే ఈయన నోట్లో పుట్టింది!

"కోసుకొస్త సార్, జర టైమియ్యిండ్రి."

"టైం అయిపోయింది."

రోబోను రిక్షాలో వేసుకుని వచ్చేసరికి తండ్రి ఇమ్మానుయేలు తన వెల్డింగు షెడ్డు ముందే నిలబడి ఉన్నాడు.

"బంపర్ ఊడిందా బిడ్డా?"

"ఊడలే బాపూ."

"ఎట్ల ఊడుతది! నట్లను నమ్మరాదని, నిన్న నువ్వు చర్చికి పోంగనే నేనే వెల్డింగ్ కొట్టిన." ఆయన ముఖం వెలిగిపోతోంది. "మరి గెల్చినవా?"