పిచ్చుక పాట, మేకుల పాట

ఆ లాండ్రీలో పని గడియారాన్ని బట్టి నడవదు. పాటను బట్టి నడుస్తుంది.

ఆసుపత్రి దుప్పట్లను ఆవిరి ప్రెస్సుల మీద పరిచి, ఆడవాళ్ళంతా ఒక్కసారే మూతలు దించుతారు. ఒకామె చరణం పాడుతుంది. అందరూ పల్లవి అందుకుంటూ మూతలెత్తుతారు. చరణం పొట్టిదైతే దుప్పటి తడి ఆరదు, పొడుగైతే మాడుతుంది. ఆ కొలత తప్పకుండా పాట కట్టగలదు కాబట్టే ఆమెకు పాటలక్క అని పేరు పడింది.

పాటలక్క బాధల్లా కిటికీతోనే. దుప్పట్లు అందులోంచి బయటికి పోతున్నాయన్న అనుమానంతో గదికున్న ఒక్క కిటికీకీ మేకులు కొట్టేశారు. అప్పట్నుంచి ఆవిరి లోపలే కమ్ముకుంటోంది. కడుపుతో ఉన్న ఆమె తోడికోడలు మొన్న ప్రెస్సు పక్కనే సోలిపోయింది. ఈసారి పడితే కాలుతున్న పలక మీదే పడుతుంది. తెరవమని అడిగితే, ‘ఇష్టం లేనివాళ్ళు మానేయండి’ అన్నాడు మేనేజరు.

అందుకే పాటలక్క పిచ్చుక పాట కట్టింది.

‘గూడు వెచ్చగుందని ఎవరన్నారే పిచ్చుకా, గాలి అటు ఆగిపోయె, గొంతు ఇటు ఎండిపోయె...’

బాయిలరు దగ్గర పనిచేసే మరిదికి అది నచ్చలేదు. సోలిపోయింది అతని పెళ్ళాం మరి.

“పిచ్చుక ఏడిస్తే మేనేజరుకేంటి వదినా? ‘మేకులు తియ్, కిటికీ తెరువ్!’ అని పాడు. దున్నపోతుకి కూడా అర్థమవుతుంది.”

“నీ చరణం తుమ్మినంతసేపు కూడా లేదు. దుప్పట్లన్నీ తడితడిగా వస్తాయి. పైగా ఆ పాట పాడిన పూటే నన్ను బయటికి గెంటుతారు.”

“మరి నీ పాట ఎవరికి అర్థమైంది?”

అదే పాటలక్కకూ అంతుపట్టలేదు. ఎందుకంటే ఆ మధ్యాహ్నమే మేనేజరు ఆమె ప్రెస్సు దగ్గర ఆగి, గొంతు తగ్గించి అడిగాడు.

“చివరికి ఆ పిచ్చుకేమైంది?”

“ఇంకా కట్టలేదు సార్.”

“ఊఁ” అని వెళ్ళిపోయాడు. రాగం నచ్చి అడిగాడా? గుచ్చుకుని అడిగాడా? ఎంత ఆలోచించినా తేలలేదు.

మర్నాడు యజమాని ఫోన్ పట్టుకుని దిగాడు. పిచ్చుక పాట సగం వినేసరికే ముఖం వెలిగిపోయింది.

“అద్భుతం! మన ప్రకటనలో పెడదాం. ఎంత హాయిగా పనిచేస్తున్నారో ఊరంతా చూడాలి! ఏదీ, మళ్ళీ పాడండి, వీడియో తీస్తా.”

హాయిగా! పాటలక్క పక్కకు చూసింది. తోడికోడలు ప్రెస్సు అంచు పట్టుకుని నిలబడింది. పెదాలు పాలిపోయాయి. మూతలు దిగాయి. పాటలక్క గొంతెత్తింది.

“పిచ్చుక కాదయ్యా, మా తోడికోడలు! గూడు కాదయ్యా, నీ ఇస్త్రీ గది! మేకులు తియ్యవయ్యా, కిటికీ తెరువయ్యా!”

ఎవ్వరూ పల్లవి అందుకోలేదు. అందరూ నోళ్ళు తెరిచి పాటలక్క వంకే చూస్తున్నారు. పల్లవి లేదు కాబట్టి మూతలూ లేవలేదు. ఇన్నేళ్ళ అలవాటు! చేతులు పల్లవి కోసం అలాగే ఆగిపోయాయి.

ముందు కమురు వాసన వచ్చింది. తర్వాత వరసంతా ఒక్కసారి పొగ చిమ్మింది. యజమాని చేతిలో ఫోన్ జారిపోయింది. దగ్గుతూ గోడ పట్టుకున్నాడు.

“కిటికీ! కిటికీ తెరవండయ్యా! చచ్చిపోతున్నా!”

“అయ్యగారు నా పాటే అందుకున్నారు వదినా!” అని బాయిలరు పక్కనుంచి కేక.

మేనేజరు పరుగున వచ్చాడు. చొక్కా కిందనుంచి సుత్తి తీసి, దాని వెనక కొక్కెంతో మేకులు ఊడబెరికాడు. రెక్కలు బార్లా తెరిచాడు. తోడికోడలిని అందరికంటే ముందు కిటికీ దగ్గరికి తోసింది పాటలక్క. ఆమె తల బయటికి పెట్టి, నీళ్ళు తాగినట్టు గాలి తాగింది.

“మళ్ళీ కొట్టెయ్యమంటారా సార్?” అన్నాడు మేనేజరు, అందరికీ వినబడేలా.

యజమాని కళ్ళు తుడుచుకుంటూ ఆడవాళ్ళ వంక చూశాడు. ఒక్కరూ చూపు తిప్పుకోలేదు.

“ఉండనియ్” అని గొణిగి బయటపడ్డాడు. ఆడవాళ్ళు మాడినవి తీసేసి, కొత్త దుప్పట్ల మీద మూతలు దించారు.

మరిది మీసం మెలేశాడు. “చూశావా? మొహం మీద కొట్టినట్టుంటేనే పాట!”

పాటలక్క వినిపించుకోలేదు. ఇస్త్రీ గదిలో మేనేజరుకు సుత్తితో పనేమిటి? అదీ చొక్కా కింద, ఈ పూటే?

“సార్, ఆ సుత్తి ఎప్పట్నుంచి మీ దగ్గరుంది?”

మేనేజరు సుత్తిని మళ్ళీ నడుముకు దోపుకున్నాడు.

“పల్లవి అందుకోమ్మా. ఇంకోటి మాడుతోంది” అని వెళ్ళిపోయాడు.