మణికట్టు మీది దారం

గారెల డబ్బా మూత తీయగానే నందిని మొదటి గారె అందుకుంది. కొరకలేదు. దాన్ని చేత్తో పట్టుకుని మామిడి చెట్ల మధ్య నుంచి పరుగెత్తి, అవతల నిలబడి ఉన్న వైశాలి నోట్లో పెట్టింది.

"అక్కా, మా అమ్మ చేసింది. తిను."

అరుణ డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయింది. కోడి కూయకముందే లేచి పప్పు రుబ్బింది ఎవరి కోసం?

ఇబ్రహీంపట్నం శివార్లలో ఒక మామిడి తోట అది. ఎండాకాలం సెలవుల్లో అక్కడ ఒక శిబిరం నడుస్తుంది. కోపం పట్టలేని పిల్లలు, నలుగురిలో కలవలేని పిల్లలు, చేయి చేసుకునే పిల్లలు నెల రోజులు అక్కడే ఉంటారు. నందినికి పదేళ్లు. క్లాసులో పక్కపిల్ల తల మీద స్టీలు నీళ్ల బాటిల్‌తో కొట్టింది. ఆ పిల్లకు కుట్లు పడ్డాయి. బడివాళ్లు టీసీ తీసుకుపొమ్మన్నారు. దవాఖానలో డాక్టరు ఈ శిబిరం పేరు రాసిచ్చాడు.

అరుణ ముంజేతుల నిండా పంటి గాట్లే. కొన్ని మానాయి, కొన్ని నల్లబడ్డాయి. వైశాలి ఎవరు? శిబిరంలో పిల్లల్ని చూసుకోవడానికి హయత్‌నగర్ నుంచి స్కూటీ మీద వచ్చే, ఇంకా పెళ్లి కూడా కాని పిల్ల. వచ్చి ఎన్నాళ్లయిందని? అయినా నందిని ఆమె చెబితే కూర్చుంటోంది, ఆమె చెబితే తింటోంది.

పదేళ్లు కాట్లు తిన్నది తను. గారె తిన్నది వైశాలి.

నందిని తిరిగొచ్చి రెండో గారె తీసుకుంటుంటే అరుణ కంట పడింది. పాప మణికట్టుకు ఆకుపచ్చ నూలు దారం. దాని పొడుగునా చిన్న చిన్న ముడులు.

"ఇదేందే చేతికి?"

నందిని చెయ్యి వెనక్కి దాచుకుంది. "ఏం లేదు."

"ఎవరు కట్టిండ్రు?"

"వైశాలక్క."

"ఎందుకు?"

"నీకు చెప్పొద్దు."

అమ్మకు చెప్పకూడనిది!  అరుణ అక్కడే చాప మీద మడిచి ఉన్న పాత ఆకుపచ్చ చీరను లాగి సంచీలో కుక్కింది. అది అరుణ చీరే. అది కప్పుకోకపోతే నందినికి నిద్ర రాదు. అంచు పొడుగునా పోగులు లేచి పీచుపీచుగా ఉంది. చీరను కూడా సరిగ్గా చూసుకోలేని వాళ్లు పిల్లను చూసుకుంటారట.

"ఉతికి మళ్ల ఆదివారం తెస్త," అంది. నందిని ఏదో అనబోయి ఆగిపోయింది.

*

బొంగులూరులో ఇల్లు. సాయంత్రం అత్త నాగులమ్మ మొత్తం విని, ముక్కు మీద వేలేసుకుంది.

"ముడులున్నయా?"

"నిండ ఉన్నయ్ అత్తమ్మా."

"మంత్రమేసి కట్టు కట్టింది. పిల్ల మనసు మలుపుకుంటుంది. ఇంకో నెలైతే నిన్ను అమ్మా అని గూడ పిలవది."

"అట్లుంటదా?"

"నా కండ్లతోని చూసిన. దాన్ని ఇనుముతోనే కత్తిరించాలె. కింద పడనియ్యొద్దు. పారే నీళ్లల్ల ఇడిసిపెట్టాలె. పిల్లకు గూడ తెల్వొద్దు."

డిగ్రీ చదివిన అరుణ ఇంకోసారైతే నవ్వేది. కానీ గారె గుర్తొచ్చింది.

భర్త పరశురాం ఆదిభట్ల నుంచి కంపెనీ బస్సులో వస్తూ ఫోన్‌లో పకపకా నవ్వాడు. "అత్తాకోడండ్లకు పనిలేదా? పిల్ల జర బాగైతుంటే నీకేం ఫికరే?"

అరుణకు వినపడింది మాత్రం వేరే మాట. నీ చేతిలో బాగు కాలేదు కదా అని.

*

ఆదివారం దాకా ఆగలేదు. వారం మధ్యలో, మిట్టమధ్యాహ్నం, తోట వెనక గేటు దగ్గర ఆటో దిగింది. కాయలు మోసుకుపోయే ట్రాక్టర్ల గేటు అది. కట్టిన తీగ విప్పింది. మళ్లీ కట్టలేదు.

పిల్లలంతా పొడవాటి రేకుల షెడ్డులో పడుకున్నారు. కూలర్ల చప్పుడులో అడుగుల చప్పుడు కలిసిపోయింది. నందిని బోర్లా పడుకుని ఉంది. దారం ఉన్న చెయ్యి చాప బయటికి చాచి ఉంది, ఎవరో కావాలని చాపి పెట్టినట్టు.

అరుణ జాకెట్లు కుట్టే కత్తెర తీసింది.

కిచ్.

దారం కింద పడకుండా అరచేతిలో పట్టుకుని పర్సులో వేసుకుంది. నందిని కదిలింది. అరుణ బయటికొచ్చి, చెట్ల చాటున చుట్టూ తిరిగి, ముందు గేటు నుంచి అప్పుడే వచ్చినట్టు ఆఫీసు గదిలోకి నడిచింది.

వైశాలి అన్నం తింటోంది. "అక్కా, ఆదివారం రమ్మన్నం గదా. మధ్యల వస్తే పిల్లలు ఆగమైతరు."

"నా బిడ్డను చూసేటందుకు నాకు టైంటేబుల్ ఉంటదా?"

"ఉంటది. నాకు గూడ ఉంటది."

"నీకు పిల్లలున్నరా?"

"లేరు."

"గందుకే."

వైశాలి నవ్వింది. తిట్టినా బాగుండేది.  అరుణ పర్సు మీద చెయ్యి బిగించింది. నీ మంత్రం నా పర్సులో ఉంది పిల్లా, ఇంక నవ్వు.

అప్పుడే షెడ్డులోంచి కేక.

అది నందిని గొంతే. ఇద్దరూ పరుగెత్తారు. కూలర్ బోర్లా పడి నీళ్లు కారుతున్నాయి. పిల్లలు గోడకు అతుక్కుని ఏడుస్తున్నారు. నందిని చాప ఖాళీగా ఉంది.

"నందిని తానకి పోయినవా అక్కా?" వైశాలి సూటిగా అడిగింది.

"లేదు. సీదా ఆఫీసుకే వచ్చిన."

అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో అరుణకే భయమేసింది.

కోపం వస్తే నందిని ఎప్పుడూ వెళ్లి కూర్చునే చెట్టు ఉంది. అక్కడ లేదు. వంటగదిలో లేదు. ట్యాంకు వెనక లేదు. కాపలాదారు యాదయ్య తోట చివర నుంచి అరిచాడు. "అమ్మా! ఇటు రాండ్రి!"

వెనక గేటుకు పోయే దారిలో పాత వ్యవసాయ బావి. గట్టుకు ఆనుకుని నందిని గులాబీ రంగు చెప్పు. ఒక్కటే.

యాదయ్య అప్పటికే మోటారు పైపు పట్టుకుని దిగుతున్నాడు. మునిగాడు. తేలాడు. "బురద నీళ్లు. ఏం కనవడ్తలేదు!" మళ్లీ మునిగాడు.

 పక్కనే వైశాలి చున్నీ తీసి నడుముకు బిగిస్తోంది. ఆమె కూడా దిగబోతోంది.

"ఆగు!" అరుణ అరిచింది. "పోయిన. నేను పోయిన. పండుకున్నప్పుడు పోయి దారం కత్తిరించిన."

వైశాలి చెయ్యి ముడి మీదే ఆగింది. "ఎందుకు?"

"నువ్వు కట్టు కట్టినవని."

తిడుతుందనుకుంది. వైశాలి తిట్టలేదు. "దారం ఏడుంది?"

"పర్సుల."

"మరి ఆకుపచ్చ చీర? ఆదివారం ఉతకనీకి తీస్కపోయినవ్ గదా."

"ఇంట్ల. డాబా మీద ఆరేసిన. చీరెందుకు ఇప్పుడు?"

"వెనక గేటు నువ్వే తీసినవా?"

"అవ్."

వైశాలి ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత బావిలోకి వంగింది. "యాదన్నా! నువ్వు ఎతుకుతనే ఉండు. నేననుకున్నది తప్పైతే..." మాట పూర్తి చేయలేదు. "అక్కా, బండెక్కు. ఇంటికి పోతుంది పిల్ల."

*

ఎవరి ముఖం చూడకూడదనుకుందో ఆమె వీపుకే ఆనుకుని కూర్చోవాల్సి వచ్చింది. స్కూటీ సాగర్ రోడ్డెక్కింది. వేడిగాలి ముఖానికి కొడుతోంది. వైశాలి తల తిప్పకుండానే అరిచి చెప్పింది.

"ఆ దారం నాది కాదక్కా. నీ చీర అంచులకెల్లి పీకింది. కోపమొచ్చి చెయ్యి లేవబోయినప్పుడు ఆపుకుంటే ఒక ముడి. ముడి తనే ఏసుకుంటది. చేతికి కట్టుకునుడు ఒక్క చేత్తోని రాదు గదా, గది ఒక్కటి నేను చేసిన."

 పీచుపీచుగా లేచిన అంచు అరుణ కళ్ల ముందు కదిలింది.

"ఆఖరి రోజు నీకిస్తదట. అప్పటిదాంక అమ్మకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకుంది. దారం పోతే మళ్ల ఆ చీరలకెల్లే పీకాలె. చీర నీ ఇంట్లుంది. బాపు బస్సు పోయే తొవ్వ తెలుసు దానికి. సీదా రోడ్డే."

సీదా రోడ్డే. లారీల రోడ్డు.

ఓ ప్లాట్ల వెంచర్ ఆర్చి దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. ఫోన్లు పైకెత్తి ఉన్నాయి. డివైడర్ మీద నందిని. రెండో చెప్పు కూడా ఎక్కడో జారిపోయింది. కాలే సిమెంటు మీద ఒక కాలు మార్చి ఒక కాలు ఎత్తుతోంది. చేతిలో కంకర రాయి.

"పోరి పిస్సదాని లెక్కుంది. పట్టుకోండ్రి!"

"నువ్వు పట్టుకో బిడ్డా, నేను వీడియో తీస్త!"

ఒకడు అడుగు ముందుకేశాడు. రాయి రివ్వున వచ్చి ఆగి ఉన్న కారు అద్దం పగలగొట్టింది. నందిని ఇంకో రాయి తీసుకుంది. వెనక నుంచి లారీ హారన్. పాప ఉలిక్కిపడి అంచు దాకా జరిగింది.

అరుణ దూకబోయింది. వైశాలి రెక్క పట్టి ఆపింది. "నువ్వు ఉరికితే అది రోడ్డు మీదికి ఉరుకుతది. కూసో."

"నువ్వు పో," అంది అరుణ.  "నీ మాటే ఇంటది. నాది ఇనది."

"నా తాన దారం లేదక్కా. నీ తాన ఉంది. కూసో."

అరుణ రోడ్డు పక్క దుమ్ములో చతికిలబడింది. పర్సు తెరిచింది. దారం తీసి, తెగిన రెండు కొసలూ దగ్గరికి తెచ్చి ముడి వేయబోయింది. ఒకసారి జారింది. మళ్లీ వేసింది. తల ఎత్తలేదు. పేరు పెట్టి పిలవలేదు. దారాన్ని అరచేతిలో పెట్టి చెయ్యి చాపింది.

జనం గోల తగ్గింది. వైశాలి చున్నీ ఊపుకుంటూ రోడ్డు మధ్యకు వెళ్లి నిలబడింది. లారీ బ్రేకులు కీచుమన్నాయి. దాని వెనక బస్సు ఆగింది. డ్రైవర్ బూతులు తిట్టాడు. వైశాలి కదల్లేదు.

రాయి కింద పడిన చప్పుడైంది.

నందిని డివైడర్ దిగింది. వైశాలి పక్క నుంచే నడిచొచ్చింది. ఆమె వైపు చూడలేదు. అరుణ అది గమనించింది. అలాంటి సమయంలోనూ గమనించినందుకు సిగ్గుపడింది.

పాప ముందు కూర్చుని, ముడులు ఒక్కొక్కటే వేలితో తడిమింది. ఒక చోట ఆగింది.

"ఇది నాది కాదు."

"అవ్. గది నాది."

"కోపం ఆపుకుంటేనే ముడి ఏయాలె. నువ్వు ఆపుకోలే."

"ఆపుకోలే బిడ్డా."

"పీకెయ్."

"పీకితే తెగిపోతది."

నందిని ఆ ముడిని ఇంకోసారి తడిమింది. "ఉండనీ. గానీ లెక్కల పట్టకు." చెయ్యి చాపింది. అరుణ వైశాలి వేసిన ముడి విప్పి మళ్లీ కట్టింది. కట్టాక ఎవరో ఇచ్చిన నీళ్లతో కొంగు తడిపి ఆ బొబ్బలెక్కిన పాదాలు తుడిచి, తన చెప్పులు తొడిగింది.

వైశాలి ఫోన్‌లో అరుస్తోంది. "యాదన్నా, దొరికింది! బయటికి రా!" తర్వాత కారు యజమానికి తన నంబరు ఇచ్చి, నిబ్బరంగా ఇటు వచ్చింది.

ఈ రోడ్డే ఇంటికి పోతుంది. ఆటో ఎక్కితే ఎంతసేపు? బిడ్డ తల్లి ఒడిలో ఉంది. తీసుకుపోతానంటే ఎవరు కాదంటారు?

"ఏడికి పోతం అమ్మా?" నందిని అడిగింది. అడిగింది తల్లిని. చూసింది వైశాలిని.

అరుణ ఊపిరి బిగబట్టి వదిలింది. "క్యాంపుకే. చీర బాపుతోని పంపిస్త. నెల నిండినంక వచ్చి తీస్కపోత."

ముగ్గురూ ఒకే స్కూటీ ఎక్కారు. మధ్యలో నందిని. తోట దాకా కూడా రాకముందే పాప వైశాలి నడుము చుట్టూ చేతులు వేసి, ఆమె వీపుకు చెంప ఆనించి నిద్రపోయింది.

వెనక అరుణ వట్టి కాళ్లతో కూర్చుంది. ఆ చేతులు తన నడుము చుట్టూ లేవు.  పాపను ఇటు లాక్కోవాలని చెయ్యి లేచింది.

లేచిన చెయ్యి గాలిలోనే ఆగింది. కిందికి దిగి కొంగు అంచు పట్టుకుంది. ఒక పోగు పీకింది. గతుకుల్లో స్కూటీ ఊగుతుంటే, పళ్లతో ఒక కొస పట్టుకుని, దాని మీద ముడి వేసింది.